ఎడమ చక్రం దగ్గర చప్పుడు

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నా,

నేను, మీ వదినను, రాస్తున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. కవరు మీద నా చేతిరాత చూడగానే ఏదో ఊహించుకుని ఉంటావని ముందే చెబుతున్నాను. నీకు రాసేది ఎప్పుడూ మీ అన్నయ్యే కదా, నాలుగు ముక్కలు రాసి చివర 'ఆరోగ్యం జాగ్రత్త' అని గీత గీస్తారు. ఈసారి నేను రాస్తున్నట్టు ఆయనకు తెలియదు. తెలియనివ్వకు కూడా.

సంగతి ఏమిటంటే, మన బండి చప్పుడు చేస్తోంది.

నవ్వకు. ఆ ఎస్‌యూవీ అంటే మీ అన్నయ్యకు ఎంతో నీకు నేను చెప్పాలా? నుజ్జునుజ్జయి పాత ఇనుములోకి పోబోతున్నదాన్ని తెచ్చి, వర్క్‌షాపులో పని ముగిశాక రోజూ దాని ముందు కూర్చుని, మళ్లీ నాలుగు చక్రాల మీద నిలబెట్టారు. తలుపులు బిగించింది నువ్వే. అత్తయ్య మోకాళ్లకు ఆ సీటు ఎత్తు సరిపోతుందని ఆవిడ ఇంకో బండి ఎక్కనంటుంది. అలాంటి బండి కొన్ని వారాలుగా ముందు ఎడమవైపు నుంచి లొడలొడమంటోంది. నున్నటి రోడ్డు మీద ఏమీ ఉండదు. నెమ్మదిగా పోతూ చిన్న గుంటలో దిగామా, మొదలు. "ఈ బండిలో ఎవరో సామాను సర్దుకుంటున్నారే" అంటుంది అత్తయ్య. చిట్టి అయితే స్పూన్ల డబ్బా అని పేరు పెట్టింది.

మీ అన్నయ్యకు చెప్పాను. "ఏ చప్పుడు? నాకేం వినబడట్లేదే" అన్నారు. మర్నాడు మళ్లీ చెప్పాను. అదే మాట. వర్క్‌షాపులో బాగైన ప్రతి బండినీ ఆయన ఒకసారి రోడ్డు మీద తిప్పి తల ఊపితే తప్ప ఓనరు తాళాలు బయటికివ్వడు. అలాంటి మనిషి లేదంటే ఇంకేముంది అనుకుని కొన్నాళ్లు ఊరుకున్నాను. కానీ నేనూ కుట్టుమిషన్ మీద బతికేదాన్నే. బాబిన్ కాస్త వదులైతే పక్క గదిలోంచి చెప్పగలను. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లం వింటున్నది ఆయన ఒక్కరికే ఎలా లేకుండా పోతుంది?

ఆ చప్పుడు ఎక్కడిదో వెతకడం నాకు నేర్పు. నువ్వు ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడివి. నీకు తెలిస్తే ఆయనకు తెలిసినట్టే.

అక్కడ తిండి సరిగా ఉందా? క్యాంపులో ఫోను పలకదని తెలిసినా చిట్టి రోజూ బాబాయి కోసమని నీ నంబరు నొక్కుతుంది.

మీ వదిన


కొండ మీద క్యాంపు నుంచి,
డీజిల్ లారీ దిగే రోజు

వదినా,

నీ ఉత్తరం చూసి భయపడ్డ మాట నిజమే. తర్వాత చదివి షెడ్డులో ఒక్కణ్నే నవ్వుకున్నాను. ఈ డ్రిల్లింగు క్యాంపులో సిగ్నలు లేక నా ఫోను పెట్టెలో బట్టల కింద నిద్రపోతోందని చిట్టికి చెప్పు. డీజిల్ తెచ్చే లారీయే మాకు పోస్టు. అది వచ్చిన రోజే ఉత్తరం, వెళ్లిన రోజే జవాబు.

సరే, పాఠం మొదలుపెడదాం. ముందు చప్పుడుకు సరైన పేరు పెట్టు. గలగల అంటే పల్చటి రేకు. కిర్రుకిర్రు అంటే ఎక్కడో రబ్బరు ఎండిపోయింది. గరగర అంటే బేరింగు అరుగుతోంది. చక్రం తిరిగే కొద్దీ పెరుగుతుంది అది. లొడలొడ అంటే రెండు వస్తువుల మధ్య ఉండకూడని సందు ఉందన్నమాట. ఇవన్నీ అన్నయ్య నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, బండి గుంటల్లో తిప్పుతూ నేర్పినవే. తప్పు చెబితే నెత్తి మీద ఒకటి పడేది. అందుకే ఇప్పటికీ మరిచిపోలేదు.

మొదట బండి మొత్తం ఖాళీ చెయ్యి. జాకీ, పానాలు, స్టెప్నీ, సీట్ల కింద ఏమున్నా సరే. చప్పుళ్లలో సగం అక్కడే పుడతాయి. ఖాళీ బండిలో ఒకసారి తిరిగిరండి. అప్పటికీ ఉంటే, ఇంజను బాగా చల్లారాక కింద సైలెన్సరు గొట్టం మీద వేడి తగలకుండా ఉండే రేకును పిడికిలితో మెల్లగా తట్టు. అది గలగలమంటే తీగతో బిగించి కట్టు, నువ్వు గుండీ కుట్టినంత గట్టిగా. ఇంకా ఉంటే ముందు చక్రాల సంగతి. అప్పుడు రాయి, చెబుతాను.

అన్నయ్యకు వినబడలేదన్నది మాత్రం నాకు వింతగానే ఉంది. సొంత పిల్లల అల్లరి తల్లిదండ్రుల చెవికి ఎక్కనట్టు సొంత బండి కూడానేమో. ఆయనకు తెలియకుండా బండి కింద దూరుతున్నావు, నీ ధైర్యానికి దండం.

అమ్మ మోకాళ్లెలా ఉన్నాయి? ముందు సీట్లో కూర్చున్నప్పుడు బెల్టు పెట్టుకోమను, కుచ్చులు నలుగుతాయని మానేస్తుంది.

చిన్న


ఇంటి నుంచి,
శుక్రవారం

చిన్నా,

నీ పాఠం అక్షరం పొల్లుపోకుండా పాటించాను. బండి ఖాళీ చేస్తుంటే ఒక గొడుగు, నా కత్తెర, అత్తయ్య పోయిందని ఇల్లంతా తిట్టిపోసిన కళ్లజోడు దొరికాయి. చప్పుడు మాత్రం ఎక్కడికీ పోలేదు. తర్వాత నువ్వు చెప్పిన రేకును తట్టాను. నిజంగానే గలగలమంది. పాత దుప్పటి పరుచుకుని, వెల్లకిలా పడుకుని, తీగ చుట్టి బిగించాను. నా మొహం మీద రాలిన మట్టితో ఒక కుండీ నిండేది. ఆ పూట తిరిగొస్తే గలగల పోయింది! చిట్టి చప్పట్లు కొట్టింది. కానీ ఆ రేకు చప్పుడు అణిగాక అసలుది ఇంకా తేటగా వినిపిస్తోంది చిన్నా. అది లొడలొడే. ముందు ఎడమ చక్రం దగ్గరే.

రెండోసారి కింద దూరినప్పుడు మీ అన్నయ్య వచ్చేశారు. నా కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి ఆయనకు.

"నా బండి కింద నీకేం పని?" అన్నారు.

బయటికొచ్చి, మట్టి దులుపుకుని, చప్పుడు గురించి మళ్లీ చెప్పాను. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇల్లంతా ఒకటై నా పనికి వంకలు పెడుతున్నారన్నమాట" అని, బకెట్టు తెచ్చుకుని, కడిగిన బండినే మళ్లీ కడుగుతూ చీకటిపడే దాకా బయటే ఉన్నారు. అన్నానికి పిలిచినా పలకలేదు.

ఆయనకు ఈమధ్య చిరాకు ఎక్కువైంది. మాటకు మాట అడ్డం. టీవీ పక్కింటివాళ్లు కూడా మా ఇంట్లోంచే వార్తలు వినేంత గట్టిగా పెడతారు. బండి ఎక్కగానే రేడియో. చిట్టి ఏదైనా అడిగితే "రేపు చూద్దాం" అంటారు, అది రేపు చూడాల్సిన విషయం కాకపోయినా సరే. వర్క్‌షాపులో పని ఒత్తిడి అనుకుంటున్నాను.

ఇంకోటి. రెండు రోజులుగా స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లొడలొడ మధ్యలో 'టక్' మని ఒకటి వస్తోంది. గట్టిగా. నా కాళ్ల కింద తగిలినట్టు తెలుస్తోంది. దీనికి పేరేమిటి?

వదిన


క్యాంపు నుంచి,
వాన తెరిపివ్వని రోజు

వదినా,

ఇది చదవగానే బండి ఎక్కడం మానెయ్యండి. మిగతాది తర్వాత చదువు.

స్టీరింగు తిప్పితే టక్కుమంటోందంటే అది చాలావరకు కింది బాల్ జాయింటు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే కీలు అది, మన భుజం కీలు లాంటిది. అరిగితే మొదట లొడలొడ, తర్వాత టక్కు, ఆ తర్వాత చెప్పా పెట్టకుండా కీలు ఊడి చక్రం లోపలికి మడత పడుతుంది. నెమ్మదిగా పోతుంటే బతుకుతాం. పెద్ద రోడ్డు మీదైతే చెప్పలేను. ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కీలు ఎంత వదులైందో తెలుస్తుంది. కానీ నువ్వు చెయ్యకు. ఈ ఉత్తరం నేరుగా అన్నయ్య చేతిలో పెట్టు. తిట్టనీ. నా మీద పెట్టు నేరమంతా.

ఇది నీకు ఎప్పుడు చేరుతుందో అన్నదే నా బెంగ. వానలకు కింది మలుపు దగ్గర రోడ్డు కోసుకుపోయింది. లారీ ఎక్కదు, దిగదు. క్యాంపు ఆఫీసరు గదిలో వైర్‌లెస్ ఉంది, ప్రాణం మీదికొస్తేనే వాడాలి. వెళ్లి అడిగాను. ఏమిటి అవసరం అన్నాడు. మా వదినవాళ్ల బండి చప్పుడు చేస్తోంది సార్ అన్నాను. గదిలో ఉన్న వాళ్లంతా నవ్వారు. నన్నెవరైనా అలా అడిగితే నేనూ నవ్వేవాణ్నే.

వదినా, ఇప్పుడు ఇంకో మాట. నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. టీవీ. రేడియో. పిలిస్తే పలకకపోవడం. 'రేపు చూద్దాం'. ఆ టక్కు శబ్దం నీ కాళ్లకు తెలిసిందంటే స్టీరింగు పట్టుకున్న ఆయన చేతులకు తెలియకుండా ఉండదు. ఆయన చేతులు అబద్ధం చెప్పవు. మరి ఎందుకు లేదంటున్నారు?

అన్నయ్యకు అసలు వినబడుతోందా? కుళాయి తిప్పి ఉంచి, ఆయన వెనక నిలబడి, మామూలు గొంతుతో పిలిచి చూడు. నాకు రాయి. నా అనుమానం తప్పైతే నెత్తి మీద ఒకటి వెయ్యమని ఆయనకే చెప్పు.

చిన్న


ఇంటి నుంచి,
సోమవారం

చిన్నా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. బండి గురువారమే పడిపోయింది.

అందరం బతికే ఉన్నాం. అత్తయ్య ఎడమచెయ్యి భుజం కింద విరిగింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాం. మందులు మింగి నిద్రపోతోంది, అందుకే రాయగలుగుతున్నాను.

బండిలో దొరికిన అత్తయ్య కళ్లజోడుకు అద్దాలు మార్పిద్దామని బయలుదేరాం. ఆవిడ ముందు సీటు, నేనూ చిట్టీ వెనక. కూరగాయల మార్కెట్టు పక్క వాలు దిగుతున్నాం, నెమ్మదిగానే. లొడలొడ మామూలుగానే ఉంది. మలుపులో మీ అన్నయ్య స్టీరింగు తిప్పారు. తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. బండి ఎడమవైపు ముందుకు కూలబడింది. చక్రం పక్కకు పడుకుంది. ఇనుము రోడ్డును గీరుకుంటూ పోయి తోపుడుబండికి తగిలి ఆగాం. తోపుడుబండి మనిషి పక్కకు దూకాడు కాబట్టి సరిపోయింది. అత్తయ్య బెల్టు పెట్టుకోలేదు. తలుపుకు కొట్టుకుంది.

అప్పుడు అత్తయ్య అరుస్తోంది. చిట్టి అరుస్తోంది. నేను ఏం చేశానో నాకు తెలియదు. జనం అద్దాలు బాదుతున్నారు. మీ అన్నయ్య మాత్రం రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని ముందుకు చూస్తూ, ఇంజను ఇంకా నడుస్తోందనుకుని, ముందుకు కదిలించడానికి గేరు వేస్తున్నారు. పక్కనే తల్లి అరుస్తోంది చిన్నా, ఆయన అటు తిరగలేదు. ఒకాయన తలుపు తెరిచి భుజం పట్టి లాగితే తిరిగారు. అందరి మొహాలూ చూశారు. ఆ తర్వాత అత్తయ్య వైపు చూశారు, ఆవిడ నోరు చూశారు.

"ఏమైంది? ఏమంటున్నారు?" అన్నారు.

ఆ వాలు మీద నిలబడ్డ వాళ్లందరికీ అర్థమైంది. చిట్టికి అర్థమైంది. కుళాయి తిప్పి నేను పరీక్ష పెట్టాల్సిన పని లేకపోయింది.

నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. చదివి, మడిచి, నాకు తిరిగిచ్చారు. నువ్వు అనుకున్నదే నిజం, చేతులకు తెలిసింది. తెలిసి కూడా, చప్పుడు ఉందని ఒప్పుకుంటే 'మరి నీకెందుకు వినబడలేదు' అన్న ప్రశ్న వస్తుందని ఊరుకున్నారు. ఈ మాట ఆయన చెప్పలేదు. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక కొన్ని చెప్పక్కర్లేదు.

వదిన


క్యాంపు నుంచి,
ఎండ వచ్చిన రోజు

వదినా,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది నాలుగోది.

నేను వస్తున్నాను. సెలవు అడిగాను. ఇవ్వకపోతే మానేసి వస్తాను. ఇక్కడ రాయిలో బెజ్జాలు వేసే మిషన్లకు నేను కాకపోతే ఇంకొకడు గ్రీజు పూస్తాడు. చెవి డాక్టరుకు చూపించండి. ఇప్పుడు చెవి వెనక పెట్టుకునే చిన్నచిన్న మిషన్లు వచ్చాయి, కళ్లద్దాలు పెట్టుకున్నట్టే. అన్నయ్యకు అర్థమయ్యేలా చెప్పు.

వర్క్‌షాపు ఓనరు ఏమన్నా అననీ. నేనొచ్చాక మన వీధి చివర ఆ మూసిన షెడ్డు తీసుకుందాం. ఇద్దరం పెట్టుకుందాం పని. ఆయన చేతులు, నా చెవులు. రోడ్డు మీద తిప్పేది నేను, ఏది ఊడిందో తేల్చేది ఆయన. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మేస్త్రీ అవుతాం, అంతకంటే ఎక్కువే అవుతాం. బోర్డు మీద ఏం రాయాలో కూడా ఆలోచించి పెట్టాను, వచ్చాక చెబుతాను.

బండిని ఎవరికీ అమ్మొద్దు. అమ్మ చెయ్యి అతుక్కుంటుందా, మళ్లీ ఎత్తగలుగుతుందా? దాచకుండా రాయి.

చిన్న


ఇంటి నుంచి,
బుధవారం, కుట్టుపని ముందేసుకుని

చిన్నా,

దాచకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

అత్తయ్య చెయ్యి అతుక్కుంది కానీ పైకి లేవదు. ఆ వయసులో అంతేనట. దువ్వెన నేనే పడుతున్నాను. మంచం మీదే ఎక్కువ ఉంటోంది. రోజంతా కొడుకును పిలుస్తుంటుంది. ఆయన అదే గదిలో కుర్చీలో కూర్చుని ఉంటారు.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడితే చెయ్యెత్తమన్నారు. నేను అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆయన చెయ్యి ఒళ్లోనే ఉంది. మధ్యలో ఒకసారి నా మొహం చూసి ఎత్తారు. నేను ఏడుపు ఆపుకుంటుంటే, శబ్దం వచ్చిందేమో అనుకున్నారట. తర్వాత చెప్పారు. లోపల నరమే చచ్చిపోయిందన్నారు డాక్టరు, రెండు వైపులా. తిరిగి రాదు, ఉన్న కాస్తా కూడా పోతుంది. మిషన్ పెట్టించారు. పెడితే శబ్దం పెద్దదవుతుంది కానీ మాట అవదు. గిన్నె పడితే ఉలిక్కిపడతారు, నేను మాట్లాడితే కనుబొమలు ముడుస్తారు. ఒక వారం పెట్టుకుని డ్రాయరులో పడేశారు. నేను వెతికి తీసి మళ్లీ ఇచ్చాను. మళ్లీ డ్రాయరులోనే ఉంది.

ఓనరు మంచివాడే. ఇంటికొచ్చాడు. టీ తాగాడు. గేటు దగ్గర కూర్చోమన్నాడు, వచ్చే పోయే బండ్లు చూసుకుంటూ. మీ అన్నయ్య మర్యాదగా తల ఊపారు. ఆయన ఊపిన తలకు ఇదివరకు ఆ వర్క్‌షాపులో ఉన్న విలువ నాకు గుర్తొచ్చింది, లోపలికి వెళ్లిపోయాను.

చిట్టి సంగతి. చాలా రోజులుగా అది తండ్రితో ముభావంగా ఉంటోంది, వయసు అనుకున్నాను. మొన్న చెప్పింది. ఈతలో స్కూలు జట్టులోకి తనను తీసుకున్న రోజున బండిలో వెనక సీట్లోంచి మొట్టమొదట నాన్నకే చెప్పిందట. "రేపు చూద్దాం" అన్నారట. నాన్నకు పట్టదనుకుని జట్టులోంచి తప్పుకుంది. మాకెవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆయన ఎదురుగా నిలబడి నోరు పెద్దగా తెరిచి ఒక్కో అక్షరం పలుకుతుంది. "నేను పసిపిల్లాణ్ని కాను" అని నిన్న కసిరారు. ఇద్దరూ చెరో గదిలో కూర్చున్నారు.

నీ షెడ్డు సంగతి రాసిన ఉత్తరం ఆయనకు చదవమని ఇచ్చాను. చదువుతున్నంతసేపూ ఆయన వేలు ఆ వాక్యాల మీదే ఉంది. సాయంత్రం వీధి చివరి దాకా నడిచి, ఆ షెడ్డు తలుపు సందులోంచి చూసి వచ్చారు. చాన్నాళ్లకు ఆయన తనంతట తాను చేసిన పని అది. అందుకే ఈ తర్వాతి ముక్క రాయడానికి చెయ్యి ఆడట్లేదు.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని డాక్టరు అడిగారు. మీ నాన్నగారు చివరి రోజుల్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదని అత్తయ్య చెబుతుండేది కదా, అది చెప్పాను. ఆయన పెన్ను ఆగింది. తమ్ముళ్లున్నారా అని అడిగారు. ఉన్నాడు, డ్రిల్లింగు మిషన్ల దగ్గర పని అన్నాను. వెంటనే చూపించుకోమనండి అన్నారు.

చిన్నా, నీకేం ఉండదు. నువ్వు నా ఉత్తరంలోంచి కూడా చప్పుడు పట్టగలిగినవాడివి. ఊరికే ఒకసారి చూపించుకో. చూపించుకుని, ఏమీ లేదని రాయి. దాని కోసం ఎదురుచూస్తుంటాను.

వదిన


కొండ కింద ఆస్పత్రి వరండా నుంచి

వదినా,

చూపించుకున్నాను. లారీతో పాటు దిగి వచ్చాను.

గాజు గదిలో నేనూ కూర్చున్నాను. మొదట్లో బాగానే చెయ్యెత్తాను. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. పరీక్ష అయిపోయిందేమో, ఆపేసి వెళ్లిపోయారేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే అద్దం అవతల నర్సు ఇంకా మీటలు నొక్కుతూనే ఉంది, నా వైపే చూస్తోంది.

సన్నటి శబ్దాలు పోయాయట. మాటలు ఇంకా ఉన్నాయి. అన్నయ్య దారే, కాస్త వెనక. డ్రిల్లింగు వల్ల తొందరపడింది, కానీ అది లేకపోయినా వచ్చేదే అన్నారు. ఎన్నేళ్లు అని అడిగాను. డాక్టరు కాగితాలు సర్దారు.

నీకు ఒక సంగతి చెబుతాను. క్యాంపుకు వచ్చిన కొత్తలో షెడ్డు వెనక పొదల్లో పొద్దున్నే పిట్టలు గోల చేసేవి, నిద్ర పట్టేది కాదు. ఈ ఏడాది అవి లేవు. మిషన్ల మోతకు కొండ వదిలి పోయాయని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఆస్పత్రికి దిగే దారిలో లారీ డ్రైవరు టీ కోసం ఆపాడు. ఎదురుగా తీగ మీద బారులు తీరి కూర్చున్నాయి. నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి.

షెడ్డు గురించి అన్నయ్యకు నువ్వే ఏదో ఒకటి చెప్పు. ఇది ఆయనకు చూపించొద్దు.

చిన్న


ఇంటి నుంచి

తమ్ముడూ,

మీ వదిన చూపించింది. చూపించొద్దన్న ఉత్తరాలన్నీ ఈ ఇంట్లో చివరికి నా దగ్గరికే వస్తున్నాయి. ఆమెను ఏమీ అనకు. ఇంట్లో అందరూ నా దగ్గర దాచడం అయిపోయింది, నేను దాచడమూ అయిపోయింది.

బండి బాగుచేశాను. ఓనరు దాన్ని వర్క్‌షాపులో పెట్టుకోమన్నాడు కానీ నేను ఇంటి ముందే చేసుకున్నాను. కింది బాల్ జాయింట్లు రెండు వైపులా మార్చాను, అరిగింది ఒకటే అయినా. వంగిన రాడ్డు తీసేశాను. బుష్‌లు కొత్తవి. ప్రతి బోల్టూ వేలితో తడిమి చూసుకున్నాను. నిన్న వీధి గుంటల్లో తిప్పాం. మీ వదిన నడిపింది, నేర్చుకుంటోంది. నేను పక్కన, చిట్టి వెనక. చిట్టి నా ముందుకు వంగి అరచెయ్యి అడ్డంగా ఊపింది, ఏమీ లేదని. బండిలో ఇప్పుడు చప్పుడు లేదంటున్నారు. నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

షెడ్డు మాట వదిలెయ్. మంచి ఆలోచనే. ఇంకొన్నేళ్ల ముందు వచ్చి ఉంటే బాగుండేది.

నీకు ధైర్యం చెప్పాలని ఈ కాగితం తీసుకున్నాను. కూర్చున్నప్పటి నుంచి వెతుకుతున్నాను, దొరకలేదు. అబద్ధం రాస్తే నీకు తెలిసిపోతుంది. కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. ఒకేసారి పోదు. మొదట సన్నవి పోతాయి, తర్వాత వెనక నుంచి పిలిచేవి, ఆ తర్వాత గుంపులో మాటలు. ఒక్కొక్కటి పోయినప్పుడు ఇది పోయిందని ఎవరూ చెప్పరు. లేకపోవడం అలవాటయ్యాక తెలుస్తుంది. అప్పటికి ఆలస్యం.

అందుకని, ఆ ఉద్యోగం ఉండనీ, పోనీ, నువ్వు బయలుదేరి రా. వైద్యం కోసం కాదు. అమ్మ మంచం మీద నుంచి రోజంతా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. పెదాలు చూసి కొన్ని పట్టుకుంటాను. నా పేరు తెలుస్తుంది, నీ పేరు తెలుస్తుంది, నీళ్లు తెలుస్తుంది. మిగతావి తెలియవు. చిన్నప్పుడు మనల్ని కేకేసిన గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను, రావట్లేదు. ఆఖరిసారి ఎప్పుడు విన్నానో కూడా తెలియదు. బహుశా ఏదో మామూలు రోజు అయ్యుంటుంది, నేను తొందరగా బయటికి పోతూ ఉండుంటాను.

నువ్వు వచ్చి ఆవిడ పక్కన కూర్చో. చెప్పేదంతా విను. నాకు తర్వాత చెప్పక్కర్లేదు. నువ్వు వింటే చాలు.

ఆరోగ్యం జాగ్రత్త అని రాయబోయి ఆపేశాను.

అన్నయ్య